చెట్టు యజమానిది, నెత్తి ఎవరిది?

ప్లీడరు గుమాస్తాలుగా చేరబోయే కుర్రాళ్ళకు ముందుగా ఒక మాట. ఈ ఉద్యోగానికి చదువు అక్కర్లేదని నన్ను చూపించి ఎవరైనా చెబితే నమ్మకండి. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మాట నిజమే. లెక్కల మాస్టారికీ నాకూ రాజీ కుదిరింది: నేను రాను, ఆయన అడగరు. ఇరుపక్షాలూ సంతోషంగా విడిపోయిన కేసు నా జీవితంలో అదొక్కటే. ఆ తర్వాత అమలాపురం కోర్టు వరండాలో నేర్చుకున్న ప్రతి ముక్కా రెట్టింపు ఫీజు కట్టి నేర్చుకున్నట్టే.

ఏ కట్టకు ఏ తాడు కట్టాలి, స్టాంపులు ఎక్కడ అతికించాలి అన్నవి ఇక్కడ రాయడం లేదు. అవి వారంలో వస్తాయి. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళకూ అద్దెకున్నవాళ్ళకూ మధ్య నిలబడితే ఏమవుతుందో అది రాస్తాను. అది నాకు రిటైరయ్యే ముందు గానీ పూర్తిగా తెలియలేదు.

ముందు అవతలివాళ్ళ బాధ

మా ప్లీడరు గారికి ఒక పాడలవాటు ఉండేది. క్లయింటు వచ్చి, కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుని నోరు తెరిచేలోపే, "మీ సంగతి తర్వాత వింటానండి. ముందు మీ అవతలివాళ్ళ బాధేమిటో చెప్పండి" అనేవారు. డబ్బిచ్చి ప్లీడరును పెట్టుకున్నది అవతలివాళ్ళ తరఫున ఏడవడానికా అని మనుషులు బిత్తరపోయేవారు. ఒకాయన లేచి నా బల్ల దగ్గరకొచ్చాడు.

"అబ్బులు గారూ, నేను తప్పు ఆఫీసుకేమైనా వచ్చేనా అండీ?"

"ఆఫీసు సరైందేనండి, ప్లీడరు గారే తప్పు" అన్నాను. లోపల ఆయనకు వినబడింది. వినబడాలనే అన్నాను.

కానీ ఆయన అలవాటులో అర్థం ఉంది. అవతలివాళ్ళ బాధ చెప్పగలిగినవాడి కేసు రాజీకి వచ్చేది. చెప్పలేనివాడి కేసు మనవలకు ఆస్తిగా దక్కేది.

కొత్తగా వచ్చే గుమాస్తాలు యజమాని అంటే మీసం, అద్దెదారు అంటే కన్నీళ్ళు అనుకుంటారు. అదేం కాదు. ఒక ముసలమ్మ గారికి బజారులో ఒకే ఒక్క కొట్టు ఉండేది. అందులో అద్దెకున్న పెద్ద వ్యాపారి ఖాళీ చెయ్యకుండా, పాత అద్దె పెంచకుండా, వాయిదా మీద వాయిదా తీసుకుంటూ దర్జాగా కాలం గడిపాడు. డిక్రీ వచ్చిన రోజున కోర్టుకు ఆవిడ మనవరాలు వచ్చింది. ముసలమ్మ గారు అప్పటికి లేరు. "గెలిచామమ్మా" అన్నాను. "ఎవరండీ గెలిచింది?" అంది ఆ అమ్మాయి. అటువైపు చూస్తే, జోరువానల్లో అద్దింటి వీధి తలుపులు 'రిపేరుకని' పీకించుకుపోయిన యజమానినీ చూశాను. తలుపులు ఎప్పుడు తెస్తావయ్యా అంటే, "వాళ్ళు వెళ్ళేకండీ" అన్నాడు. కాబట్టి వెధవతనం ఒక పక్షం సొత్తని అనుకోకండి.

పదకొండు నెలల మంత్రం

మన వైపు అద్దె ఒప్పందం పదకొండు నెలలకు రాస్తారు. ఏడాదికి రాస్తే రిజిస్ట్రేషన్ చేయించాలి కనుక, ఒక నెల తగ్గించి మన తెలివి మనమే మెచ్చుకుంటాం. పన్నెండో నెల రాగానే అద్దెదారు హారతి కర్పూరంలా కరిగిపోతాడని ఇంటివాళ్ళ నమ్మకం. కరగడు. నెలనెలా అద్దె పుచ్చుకుంటూ ఉన్నంత కాలం అతను నెలవారీ అద్దెదారే. పంపాలంటే పద్ధతిగా నోటీసివ్వాలి, గడువివ్వాలి, వెళ్ళకపోతే దావా వెయ్యాలి.

రెంట్ కంట్రోలు చట్టం ఉంది కదండీ అంటారు చదువుకున్నవాళ్ళు. ఉంది. పట్టణాల్లో తక్కువ అద్దె ఇళ్ళకు అది గొడుగు. అద్దెలు పెరిగి పెరిగి గొడుగు బయటికొచ్చేశాయి, గొడుగు మాత్రం పెరగలేదు. ఇక మిగిలింది మామూలు సివిల్ కోర్టు. అక్కడ యజమానికి పెద్ద హక్కే ఉంది: గడువు తీరాక, నోటీసు సక్రమంగా ఇస్తే, తన ఇల్లు తనకెందుకు కావాలో కూడా చెప్పనక్కర్లేదు. అద్దెదారుకూ పెద్ద రక్షణే ఉంది: కోర్టు చెప్పేదాకా ఎవరూ చెయ్యి పట్టుకుని బయటికి లాగకూడదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తూకం బాగానే ఉంటుంది. చిక్కంతా నోటీసుకూ డిక్రీకీ మధ్య కరిగిపోయే ఏళ్ళతోనే. ఆ ఏళ్ళు ఆగలేక యజమాని అడ్డదారి తొక్కుతాడు. ఆ ఏళ్ళున్నాయి కదా అని అద్దెదారు కాళ్ళు చాపుకుంటాడు.

హెల్మెట్ పెట్టుకుని నీళ్ళు పట్టే ఇల్లు

కోనసీమ ఇంటి ఒప్పందంలో ఇంకోచోట కనబడని ముక్క ఒకటుంటుంది. ఇల్లు అద్దెకు, పెరట్లో కొబ్బరిచెట్లు మాత్రం యజమానివే. 'చెట్ల ఫలసాయంతో అద్దెదారుకు ఎటువంటి సంబంధమూ లేదు' అని రాస్తాం. నెలన్నరకో రెండు నెలలకో యజమాని దింపువాణ్ణి తీసుకొచ్చి, కాయలు దింపించి, ఎండు మట్టలు లాగించి పట్టుకుపోతాడు. మా ఆఫీసులో ఆ ముక్క అలా రాస్తూనే ఉన్నాం. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు, సూరిబాబు గారు మా మెట్లు ఎక్కేదాకా.

సూరిబాబు గారిది అల్లవరం. మస్కట్‌లో డ్రైవరుగా చేసి, ఆ సంపాదనతో అమలాపురంలో ఇల్లు కట్టుకుని, మా ఆఫీసు రాసిన ఒప్పందంతోనే అద్దెకిచ్చారు. తిరిగొచ్చేసరికి మూత్రపిండాలు పాడయ్యాయి, డయాలసిస్ పడింది. ఆయన వెంట బావమరిది వీర్రాజు వచ్చాడు. ఇంటి వ్యవహారమంతా అతనిదే. ప్లీడరు గారు తన ప్రశ్న అడిగారు.

"అవతలావిడకేం బాధండీ?" అన్నాడు వీర్రాజు. "కొబ్బరిచెట్ల కింద చల్లగా ఉంది. బాధంతా మా బావదేనండి."

సూరిబాబు గారు నెమ్మదిగా అందుకున్నారు. "ఆ మిషను మీంచి లేచేక ఆటోలో ఊరెళ్ళేసరికి ప్రాణం కళ్ళల్లోకొచ్చేస్తందండి. నా ఇల్లు ఆసుపత్రికి రెండు సందుల అవతలే ఉందండి. నా ఇంట్లో నేను పడుకోడానికి ఇంకోళ్ళని బతిమాలుకోవాలా అండీ?"

చట్టం అడక్కపోయినా ఆయన చెప్పిన కారణం బంగారంలాంటిది. అయినా ప్లీడరు గారు, "అబ్బులూ, నువ్వోసారి ఆ ఇల్లు చూసిరా" అన్నారు.

వెళ్ళాను. గేటు తీసి లోపల అడుగు పెట్టానో లేదో, ఇంట్లోంచి కేక: "అక్కడ నిలబడకండి! అరుగు మీదకి పరిగెత్తుకొచ్చెయ్యండి!" పరిగెత్తాను. నా వెనక ధబ్బుమని ఒక కాయ పడింది. తలెత్తి చూస్తే ప్రతి చెట్టుకూ ముదిరి ఎండిన గెలలు, ఎప్పుడు ఊడతాయో తెలియని మట్టలు. వంటింటి రేకులు రెండుచోట్ల పగిలి ఉన్నాయి. కేకేసిన మనిషి బయటికొచ్చింది. చేతిలో బిందె, నెత్తిన హెల్మెట్. కుళాయి పెరట్లో ఉంది మరి.

ఆవిడే అద్దెదారు రూతమ్మ గారు. ఇంగ్లీషు మీడియం బడిలో లెక్కల టీచరు. భర్త దుబాయిలో ఏసీ మెకానిక్కు, ఇద్దరు ఆడపిల్లలు.

"స్కూటరు లోపలెక్కడుందండీ?" అన్నాను, హెల్మెట్ వైపు చూసి.

"స్కూటరు లేదండి. స్నానానికి వెళ్ళడానికి కొన్నామండి. పిల్లలకి చిన్నవి వేరే ఉన్నాయండి" అంది ఆవిడ, నవ్వకుండా.

గేటు పక్కన రాలిన కాయలన్నీ కుప్ప పోసి ఉన్నాయి. అడుగున కొన్ని మొలకలు కూడా వేశాయి. వాటిలో ఒక్కటీ ఆవిడ ముట్టుకోలేదు. ముట్టుకుంటే దొంగతనం కేసు పెడతానని వీర్రాజు చెప్పి వెళ్ళాడట. టిఫిను పెట్టింది. పక్కన కొబ్బరి పచ్చడి. నా చూపు కుప్ప మీదికి పోవడం ఆవిడ పసిగట్టింది.

"ఇది బజారు కాయండి. బిల్లు లేదు గానీ, కొట్టాయన సాక్ష్యం చెబుతానన్నాడండి."

కోనసీమలో, పెరటి నిండా కాయలు రాలుతుండగా, బజారుకెళ్ళి కొబ్బరికాయ కొనుక్కున్న ఇల్లాలిని నేను అదే చూడటం.

"ఇంత పంతమెందుకమ్మా? వేరే ఇల్లు చూసుకోకపోయారా?" అన్నాను.

"చూడకేమండీ. ఈ చుట్టుపక్కల బోర్డులన్నీ చదివేనండి. ఫోన్లో ఖాళీయే అంటారండి. గుమ్మం ఎక్కేక, 'మీరేమిటోళ్ళండీ?' అంటారండి. చెప్పేననుకోండి, ఆ ఇంటికి అప్పటికప్పుడు చుట్టాలు దిగిపోతారండి." బిందె కింద పెట్టింది. "పంతమంటారా? అద్దె ఒక్కనాడు ఆపలేదు. గోడకి మేకు కొట్టలేదు. భయపెడితే పోతానని ఒకసారి తెలిసిందంటే, రేపు ఇంకో ఇంటాయన కూడా చెట్టు దింపడం మానేస్తాడండి. నేను కదలనండి."

తిరిగొచ్చి వీర్రాజును వరండాలో పట్టుకున్నాను. దాచలేదు సరికదా, మురిసిపోయాడు. "కరెంటు పీకితే కేసండి, నీళ్ళు ఆపితే కేసండి. కొబ్బరికాయ పడితే ఏం కేసండీ? పైనున్నవాడి దయండి!" నాకు ఒళ్ళు మండింది. మండినా ఒకటి ఒప్పుకోవాలి, అతను మా ఒప్పందం మాకంటే బాగా చదివాడు.

విన్నాక ప్లీడరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ ముక్క నేను రాసిందే అబ్బులూ. చెట్టు ఎవరిదో రాశాను. కింద ఉండే నెత్తి ఎవరిదో రాయలేదు" అన్నారు. ఆ రోజు నుంచి మా ఆఫీసు ఒప్పందాల్లో 'ఫలసాయం యజమానిది, వేళకు దింపించే బాధ్యతా యజమానిదే, తప్పితే అద్దెదారు దింపించి కాయలు అప్పజెప్పవచ్చు' అని చేరింది. మీరూ రాయండి. హక్కు రాసినచోటే బాధ్యత కూడా రాయకపోతే, ఆ ఖాళీలో వీర్రాజులు కాపురం పెడతారు.

ఊరంతా ఇళ్ళే

ప్లీడరు గారు అందరినీ ఒకచోట కూర్చోబెట్టారు. "నేను సూరిబాబు గారి ప్లీడర్నమ్మా. మీకు వేరే ప్లీడరును పెట్టుకునే హక్కుంది" అని ముందే చెప్పారు. "ముందు మాట్లాడదామండి. కుదరకపోతే ఎలాగూ తప్పదు" అంది రూతమ్మ గారు.

హెల్మెట్ సంగతి సూరిబాబు గారు వినడం అదే మొదలు. బావమరిది వైపు తిరిగారు.

"ఈ ఏడు కాపు లేదన్నావుగా?"

"నీ కోసమే బావా…"

"నా కోసమా? ఆ కాయ ఏ పిల్ల నెత్తిన పడినా, ఆ ఇంట్లో నాకు నిద్రెలా పడతాదనుకున్నావురా?"

ఆయన గొంతు పెద్దది కాదు, ఓపిక లేదు. కానీ వీర్రాజు తన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. సూరిబాబు గారు రూతమ్మ గారితో, "రేపే దింపిస్తానమ్మా. రేకులు మార్పిస్తాను. కానీ ఇల్లు నాక్కావాలి" అన్నారు.

"మీదేనండి. కాదనలేదు."

"మరి వెళ్ళు తల్లీ."

"ఎక్కడికండీ?"

వీర్రాజుకు ప్రాణం లేచొచ్చింది. "ఊరంతా ఇళ్ళేగదండీ!"

"ఊరంతా ఇళ్ళేనండి. మీరొకటి చూపించండి. ఈ పూటే సామాను కట్టేస్తాను."

పౌరుషానికి పోయి సరేనన్నాడు వీర్రాజు. బండేసుకుని ఊరంతా తిరిగాడు. పోయినవాడు పోయినట్టు రాలేదు, మొహం వేలాడేసుకుని వచ్చాడు. అతని జిగ్రీ దోస్తు సొంత ఇల్లు చూపించి, తాళం చేతిలో పెట్టి, ఎవరికని విన్నాక ఆ తాళం మళ్ళీ తీసుకున్నాడట. "నీకైతే ఈ క్షణం ఇచ్చేస్తాన్రా. వాళ్ళకైతే మా చుట్టాలొస్తన్నారురా" అన్నాడట. "ఆడికి చుట్టాలెవరూ లేరండి. నాకు తెల్దా?" అన్నాడు వీర్రాజు. చెట్లు దింపడం మానేసిన ఆ మనిషి గొంతులో కోపం నిజంగానే ఉంది. అది తనకు జరిగిన అవమానం మీద కోపమో, ఆవిడకు జరుగుతున్నదాని మీద కోపమో నేను తేల్చుకోలేకపోయాను.

అప్పుడు సూరిబాబు గారు అడిగారు. "ఊరు చేసే తప్పుకి జరిమానా నా ఇంట్లోనా అండీ కట్టాలి?"

ఆయన అడిగింది న్యాయం. ఆవిడ కదలననడమూ న్యాయమే. రెండు న్యాయాలు ఒకే గుమ్మంలో ఇరుక్కున్నాయి, ఇరికించినవాళ్ళు మాత్రం ఆ గదిలో లేరు. అద్దెకున్న మనిషిని అన్యాయంగా గెంటకుండా చట్టం ఆపగలదు. అసలు గుమ్మమే ఎక్కనివ్వనివాళ్ళ మీద మా కోర్టులో ఎవరూ దావా వెయ్యగా నేను చూడలేదు. చుట్టాలొస్తున్నారన్నవాడి చుట్టాలను ఏ కోర్టు అమీనా వెళ్ళి లెక్కపెడతాడు?

యజమాని హక్కు

రూతమ్మ గారు లేచి సంచీ సర్దుకుంటూ నావైపు తిరిగింది.

"గుమాస్తా గారూ, మీ మేడ మీద అద్దెవాటా ఖాళీయేనటగదండీ?"

ఖాళీయే. ఉన్నవాళ్ళు బదిలీ మీద కాకినాడ వెళ్ళిపోయారు. గదిలో అందరూ నన్నే చూశారు. ప్లీడరు గారు మరీ ముఖ్యంగా చూశారు.

"మీకూ చుట్టాలొస్తన్నారా అండీ?" అంది ఆవిడ. ఈసారి కూడా నవ్వలేదు.

"మా ఆవిడనొకసారి అడగాలండి" అన్నాను. నిజమే చెప్పాను. మా ఇంట్లో సుప్రీంకోర్టు ఆవిడే.

"అడగండి. నేనూ వస్తాను" అని నా వెనకే ఆటో ఎక్కింది.

మా ఆవిడ సుబ్బలక్ష్మి ఆవిడను నఖశిఖపర్యంతం చూసి, మజ్జిగిచ్చి, విచారణ మొదలుపెట్టింది.

"మోటారు నేనే వేస్తానమ్మా. ఎవరూ ముట్టుకోకూడదు."

"ఆయ్. కానీ పొద్దున్న పిల్లలు బడికెళ్ళే టైముకి నీళ్ళుండాలండి."

"మేడ మీద చప్పుడు కాకూడదు. ఈయనకి మధ్యాహ్నం నిద్ర."

"మధ్యాహ్నం మేం బళ్ళో ఉంటామండి. గురక కిందనుంచే వస్తే మాత్రం నేను పూచీ కాదండి."

మా ఆవిడ పకపకా నవ్వింది. నేను కేసు ఓడిపోయానని అప్పుడే తెలిసింది. ఇద్దరూ కలిసి అద్దె తేల్చేసుకున్నారు. నన్నడగలేదు.

ఈ సంగతి నాకంటే ముందు మా సందుకు తెలిసింది. సాయంత్రానికల్లా పెద్దమనుషులు మా అరుగు మీద చేరారు. వాళ్ళకు పెద్ద మూడిళ్ళ అవతలుండే కొబ్బరి వ్యాపారి. మంచి మనిషే, పెళ్ళిళ్ళకు షామియానా ఊరికే ఇస్తాడు.

"అబ్బులు గారూ, మన సందు పద్ధతి మీకు తెలుసుగదండీ" అన్నాడు. "మీ మంచికే చెప్తన్నాం. ఒకసారి ఆలోచించుకోండి."

"ఇల్లు ఎవరి పేరున ఉందండీ?" అన్నాను.

"మీ పేరునే."

"పన్ను ఎవరు కడతన్నారండీ?"

"మీరే కడతన్నారు."

"మరి అందులో ఎవరుండాలో చెప్పాల్సిందెవరండీ?"

"హక్కు మీదే అనుకోండి, కానీ…"

"ఆ కానీ దగ్గర ఆగిపొండి. కోర్టులో ఇన్నేళ్ళూ ఆ హక్కు కోసమే కాగితాలు మోశానండి. నా ఇల్లు నా ఇష్టమని ఎంతమంది యజమానుల తరఫున రాశానో! ఇవాళ నా కోసం వాడుకుంటన్నాను. అభ్యంతరముంటే దావా వేసుకోండి. మీ అవతలి ప్లీడరు గుమాస్తా మాత్రం పరమ చాదస్తుడు, చెప్తన్నాను."

ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వాలనిపించలేదు. లేచి వెళ్ళిపోయారు. కొన్నాళ్ళు సందులో పలకరింపులు తగ్గాయి. తగ్గితే తగ్గాయి, మా ఆవిడకు వంట పెందలాడే అయ్యేది.

సూరిబాబు గారు ఆ వారంలోనే సొంత ఇంట్లో పడుకున్నారు. దావా లేదు, నోటీసు కూడా లేదు. దీన్ని చట్టం గెలుపుగా చెప్పకండి. ఒక ఇల్లు ఖాళీగా ఉండటం వల్ల తెగిన చిక్కు ఇది. ఆ ఇల్లు లేకపోతే ఇద్దరూ ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతూనే ఉండేవారు, సూరిబాబు గారు డయాలసిస్‌కూ కోర్టుకూ మధ్య ఆటోలు మారుతూ.

కుర్రాళ్ళూ, యజమానుల తరఫున రాయాల్సి వస్తే బెదరకుండా రాయండి. ఆ హక్కు గట్టిగా ఉండాల్సిందే. కానీ దాన్ని తలుపు మూయడానికే వాడాలని నేను చూసిన ఏ చట్టంలోనూ లేదు.

రూతమ్మ గారి సామాను వ్యాను మా సందు మొదట్లో మలుపు తిరిగిన రోజున, సందుకు అడ్డంగా ఒక స్కూటరు నిలబెట్టి ఉంది. మూడిళ్ళ అవతలి కొబ్బరి వ్యాపారిదని అందరికీ తెలుసు. తాళం వేసి ఉంది. అరుగుల మీద మనుషులున్నారు, ఎవరూ లేవలేదు. రూతమ్మ గారు పిల్లలతో వ్యాను ముందు సీట్లో కూర్చుని సూటిగా ఎదురుగా చూస్తోంది. డ్రైవరు వ్యాను పక్కన నిలబడ్డ నావైపు చూశాడు, ఏం చెయ్యమంటారన్నట్టు.

"హారన్ కొట్టు నాయనా" అన్నాను. "ఆ స్కూటరు తీసేదాకా కొడుతూనే ఉండు."